పగలు, పగులు

రెండు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. వంటగది పనిలో ఉండిపోయాను. మా ఇంటి వంటగది కాదు, గుడి వంటగది. ఆ పనిలో నేను ఒక మాట తప్పు చదివాను. ఒక్క కొమ్ము తేడా. దానివల్ల గుడి డబ్బు పోయేదే. నాలాగా పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్ళకి ఈ సంగతి పనికొస్తుందని రాస్తున్నాను. వంటగదికి రాయి కొనబోయేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి నా గురించి రెండు ముక్కలు. నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. అక్కడ తెలుగువాళ్ళం చాలామందిమి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బళ్ళో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడటం వచ్చింది కానీ చదవటం రాలేదు. పెళ్ళయ్యాక ఒంగోలు కోడలినయ్యాను. అత్తగారు ఉత్తరం రాస్తే మా ఆయన చదివి వినిపించేవారు. చివర్లో నాకోసం విడిగా రాసిన నాలుగు మాటలు కూడా ఆయనే చదివేవారు. 2020లో ఎవరూ గడప దాటలేని రోజుల్లో పెద్ద బాలశిక్ష ముందు పెట్టుకుని అ, ఆ మొదలుపెట్టాను. అప్పటికి నాకు 59 ఏళ్ళు. అత్తగారు అప్పటికే లేరు.

మేం దోహాలో ఉండే పేట పేరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్. అరబ్బీలో అల్ మతార్ అల్ ఖదీమ్. మెట్రో స్టేషన్‌కి కూడా అదే పేరు పెట్టారు. 2014లో ప్రయాణికుల విమానాలన్నీ కొత్త హమద్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయాయి. 2022లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జనం కోసం పాతదాన్ని కొన్నాళ్ళు మళ్ళీ తెరిచారు, అంతే. విమానాలు వెళ్ళిపోయినా పేరు మాత్రం మా పేటకి ఉండిపోయింది.

గుడి అని మేం అలవాటుగా అంటాం. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఒక అద్దె విల్లాలో పెద్ద గది, అందులో దేవుడి పటాలు, వెనక వంటగది. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే భజన, ప్రసాదం. నూట యాభై మంది దాకా వస్తారు. అందులో సగం మంది క్యాంపుల్లో ఉండే కుర్రాళ్ళు. వారానికి ఒకసారి ఇంట్లో చేసినట్టున్న పులిహోర తినొచ్చని రెండు బస్సులు మారి వస్తారు. నేను వంట సేవలో ఉంటాను. పన్నెండేళ్ళయింది.

ఆ వంటగదిలో పాత గట్టు చెక్కపొట్టు బోర్డుతో చేసింది. పైన ప్లాస్టిక్ రేకు అంటించి ఉండేది. నీళ్ళు దిగీ దిగీ బోర్డు అట్టులాగా ఉబ్బిపోయింది. పొయ్యి ఒక పక్కకి ఒరిగింది. ఒక శుక్రవారం అన్నం గుండిగ నెమ్మదిగా జారటం మొదలుపెట్టింది. పక్కనున్న అమ్మాయి కొంగు అడ్డం పెట్టి పట్టుకుంది. చెయ్యి కాలలేదు, దేవుడి దయ. ఆ రోజే అనుకున్నాం, ఇక రాయి వేయించాలని.

డబ్బు ఎవరిస్తారా అని ఆలోచిస్తుంటే పదకొండు మంది డ్రైవర్లు తలా కాస్త వేసి ఒక కవరు తెచ్చి ఇచ్చారు. కవరు మీద పేర్లు లేవు. రాయొద్దన్నారు. మా కమిటీ కుర్రాడు ఆ కవరు నా చేతిలో పెట్టి, "ఆంటీ, వండేది మీరేగా, ఎక్కడ కొనాలో మీరే చూడండి" అన్నాడు.

ముందు నాకు మాట కావాలి. ఇంగ్లీషులో కౌంటర్‌టాప్ అంటాం, తెలుగులో ఏమంటారు? మా అమ్మ "గట్టు" అనేది. "పొయ్యి గట్టు మీద పెట్టు" అంటే నాకు అర్థమయ్యేది. చెరువు గట్టు కూడా గట్టే అని తర్వాత తెలిసింది. ఒంగోల్లో కొందరు "బండ" అంటారు. మేస్త్రీలు "ప్లాట్‌ఫారం" అంటారు. రాతిని పల్చగా కోసిన పెద్ద ముక్కని "పలక" అనొచ్చని మా మరిది చెప్పాడు. చిన్నప్పుడు రాసుకునే పలకే గుర్తొచ్చింది. నేను గట్టు, పలక, ఈ రెండూ వాడతాను.

మాట దొరికాక కొలతలు. ఎల్ అక్షరం ఆకారంలో ఒక వైపు 9 అడుగులు, ఇంకో వైపు 5 అడుగులు, వెడల్పు 2 అడుగులు. మొత్తం 28 చదరపు అడుగులు. ఇక్కడ మీటర్లలో అమ్ముతారు కాబట్టి 2.6 చదరపు మీటర్లు. 2 సెంటీమీటర్ల మందం ఉన్న నల్లరాయి చదరపు మీటరుకి దాదాపు 60 కిలోలు తూగుతుంది. అంటే మా గట్టు 150 కిలోల పైనే. ఇల్లు మాది కాదు. యజమాని మంచివాడే, కానీ గోడకి ఏదీ అంటించొద్దన్నాడు. అందుకని ఇనుప ఫ్రేము చేయించి దాని మీద రాయి పరచాలి. రేపు ఖాళీ చేయమంటే ఫ్రేముతో సహా మోసుకుపోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఏం కొన్నా, ఎలా మోసుకుపోతాం అనే ఆలోచనతోనే కొంటాం.

మొదట సల్వా రోడ్డులో ఒక షోరూముకి వెళ్ళాం. చల్లటి ఏసీ, కాఫీ, గోడల నిండా మెరిసే పలకలు. మా కమిటీలో ఒకాయనకి తెల్ల మార్బుల్ కావాలి. గుడి అంటే తెల్లగా ఉండాలని ఆయన ఆశ. ఇంకొకరికి క్వార్ట్జ్ కావాలి, వాళ్ళ అమ్మాయి అమెరికాలో అదే వేయించుకుందట. నేను ఏమీ అనలేదు. చిన్న శాంపిల్ ముక్కలు మూడు అడిగి తెచ్చుకున్నాను. తెల్ల మార్బుల్ ఒకటి, తెల్ల క్వార్ట్జ్ ఒకటి, నల్ల గెలాక్సీ ఒకటి.

ఇంటికొచ్చి బాల్కనీలో బల్ల మీద మూడూ వరసగా పెట్టాను. మేం వండేదేమిటి? చింతపండు, నిమ్మకాయ, పసుపు, నూనె. కాబట్టి పరీక్ష కూడా వాటితోనే. ఒక్కో ముక్క మీద ఒక నిమ్మ చెక్క పెట్టాను. పావుగంట తర్వాత తీసి తుడిస్తే మార్బుల్ మీద నిమ్మ చెక్క ఉన్నచోట గుండ్రంగా మెరుపు పోయింది. తుడిచినా, కడిగినా రాలేదు. అది మరక కాదు. మార్బుల్ సున్నపు జాతి రాయి. పులుపు దాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. మిగతా రెండింటికీ నిమ్మకాయతో ఏమీ కాలేదు. తర్వాత నూనెలో పసుపు కలిపి రాత్రంతా ఉంచాను. పొద్దున మార్బుల్ పచ్చగా అయింది. క్వార్ట్జ్ మీద లేత పసుపు నీడ మిగిలింది. గెలాక్సీ ముక్క తుడిస్తే మామూలుగా ఉంది.

అత్తగారింట్లో గట్టు కడప రాయిది. ఆవిడ దాని మీద నిమ్మకాయ కోయనిచ్చేవారు కాదు. పులుసు చుక్క పడితే వెంటనే తుడిచేవారు. పండగ ముందు నూనె గుడ్డతో రుద్దేవారు. నాకు అప్పట్లో అది చాదస్తంలా అనిపించేది. కడప రాయి కూడా సున్నపు జాతిదే. పులుపు పడితే తెల్ల మచ్చ పడుతుంది. ఈ సంగతి ఆవిడకి చేతి పనిలో తెలుసు, నాకు బాల్కనీలో తెలిసింది.

క్వార్ట్జ్ గురించి ఒక మాట. అది గనిలోంచి అలాగే వచ్చే రాయి కాదు. రాతిపొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి, నొక్కి చేస్తారు. అందులో పొడి వంతు 90 శాతం పైన కూడా ఉంటుంది. ఆ జిగురుకి బాగా వేడి పడదు. షోరూం అబ్బాయి నిజాయితీగా, "వేడి గిన్నె కింద ఏదైనా పెట్టాలి మేడమ్" అన్నాడు. పొయ్యి మీంచి దించిన గుండిగ కింద ప్రతిసారీ ఏం పెడతాం? ఇంకో సంగతి కూడా ఉంది. ఇలాంటి పలకల్ని పొడిగా కోస్తే సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది. కోసే పనివాళ్ళకి ఈ జబ్బు వస్తోందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రకం రాయినే నిషేధించింది. మామూలు గ్రానైటులో కూడా సిలికా ఉంటుంది. అందుకే ఏ రాయినైనా నీళ్ళు పోస్తూ కోయాలి.

ఆ రెండు కోరికలూ అక్కడితో ఆగిపోయాయి. నల్లరాయే అని అందరం ఒప్పుకున్నాం. ఎక్కడ కొనాలి? షోరూములో ధర ఎక్కువ. అందరూ సనయ్యాకి వెళ్ళమన్నారు. సనయ్యా అంటే ఇండస్ట్రియల్ ఏరియా. అక్కడ వీధులకి పేర్లు కాదు, నంబర్లే ఎక్కువ వాడతారు. రాయి కోసేవాళ్ళు, ఇనుము అతికేవాళ్ళు, బండ్లు బాగుచేసేవాళ్ళు అందరూ అక్కడే.

జూన్ నెల. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. అందుకని గురువారం సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళాం. మొదటి యార్డులో నల్ల పలక చాలా చవక. కారు నలుపు, ఎక్కడా చుక్క లేదు. అక్కడ ఒక కుర్రాడు ముక్కుకి గుడ్డ కట్టుకుని నీళ్ళు లేకుండా రాయి కోస్తున్నాడు. కనుబొమ్మల మీద కూడా తెల్ల దుమ్ము. నాకు అక్కడే మనసు విరిగింది. అయినా పరీక్ష చేశాను. నా సంచిలో మా మనవరాలి నెయిల్ పాలిష్ తుడిచే మందు ఉంది. తెల్ల గుడ్డ మీద కొంచెం పోసి పలక మూల రుద్దాను. గుడ్డ నల్లగా అయింది. అంటే బూడిద రంగు రాయికి నల్ల రంగు పట్టించారు. రంగు వేసిన రాయి కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. దుకాణం ఆయన గుడ్డ చూసి, "అది దుమ్ము" అన్నాడు. ఇంకోసారి తుడిచి రుద్దినా నలుపే. వచ్చేశాం.

రెండో యార్డు రెండు వీధులు అవతల. అక్కడ కోసే మిషను మీద నీళ్ళు ధారగా పడుతున్నాయి. నేల అంతా బురద. ఆ బురద చూసి సంతోషించాను. పలకలన్నీ ఇనుప స్టాండులకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. అందులో ఒక వరస నల్లటి రాయి, లోపల బంగారు రవ్వలు. అమ్మే కుర్రాడు, "బ్లాక్ గెలాక్సీ మేడమ్, ఇండియా నుంచి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇండియా అంటే ఇండియా అంతా కాదు. అది మా చీమకుర్తి. ప్రకాశం జిల్లా, ఒంగోలు నుంచి కర్నూలు వెళ్ళే రోడ్డులో, ఇరవై కిలోమీటర్లు. ఆ బంగారు రవ్వల్ని బ్రాంజైట్ అంటారు, అది ఒక ఖనిజం. వ్యాపారంలో దీన్ని గ్రానైట్ అంటారు కానీ భూగర్భ శాస్త్రంలో ఇది గాబ్రో కుటుంబం రాయి. మా మరిది ఒకసారి బండి మీద నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. కొండ లాంటిది ఏదో ఉంటుందనుకున్నాను. ఉన్నది గొయ్యి. మెట్లు మెట్లుగా కిందికి కోసుకుంటూ పోయిన గొయ్యి. కింద మనుషులు చీమల్లా కనిపించారు. రోడ్డు మీద ఒక్కో లారీలో ఒకటో రెండో రాళ్ళు. అంతకంటే మోయలేవు. ఆ రాయి అత్తగారి వంటగదికి రాలేదు కానీ సముద్రం దాటి సనయ్యాకి వచ్చింది.

కుర్రాడు ముందున్న పలక చూపించాడు. ధర షోరూము కంటే తక్కువ. గుడ్డ పరీక్ష చేశాను, గుడ్డ తెల్లగానే ఉంది. నీళ్ళ చుక్క వేసి కాసేపు ఆగాను, రాయి తాగలేదు. అప్పుడు పలక వెనక వైపు చూద్దామని పక్కకి వెళ్ళాను. అక్కడ నీలం రంగు క్రేయాన్‌తో గబగబా రాసిన మూడు అక్షరాలు, ఒక బాణం. తెలుగు!

ఇరవై ఏళ్ళుగా దోహాలో ఉంటున్నాను. గోడల మీద అరబ్బీ, ఇంగ్లీషు, మలయాళం, బంగ్లా అన్నీ చూశాను. చేత్తో రాసిన తెలుగు ఒక రాయి మీద చూడటం అదే మొదలు. గుండె కొట్టుకుంది. కూడబలుక్కున్నాను. ప, గ, లు. పగలు.

పగలు అంటే రాత్రి కానిది. నాకు వెంటనే అర్థమైపోయిందనుకున్నాను. ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు ఉంటాయి కదా. ఇది పగటి షిఫ్టులో పాలిష్ చేసింది. ఇక్కడ కూడా ఎండాకాలం పగలు, రాత్రి పని లెక్కలే ఉన్నాయి కదా, నా బుర్రలో అదే తిరుగుతోంది. బాణం పైకి ఉంది, ఆ వైపు పైకి పెట్టమని అనుకున్నాను. కుర్రాడికి చదివి వినిపించాను. "ఓహో" అన్నాడు. ఫోటో తీసుకున్నాను. 300 రియాళ్ళు అడ్వాన్సు ఇచ్చాం. శనివారం పొద్దున ఎనిమిదింటికి కోస్తామన్నారు. కోశాక వెనక్కి తీసుకోం అని రసీదు మీద ఉంది.

శుక్రవారం భజన అయ్యాక అందరి ముందూ చెప్పాను. మన గట్టు చీమకుర్తి నుంచి వచ్చింది, దాని మీద తెలుగు రాసి ఉంది, నేను చదివాను అని. డ్రైవర్లలో నలుగురు ఆ రోజు వచ్చారు. ఒకతను, "అమ్మా, మీకు తెలుగు చదవటం వచ్చా!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు చాలా బాగున్నాయి. దాచటం ఎందుకు.

నాకు ఒక అలవాటు ఉంది. చేత్తో రాసిన తెలుగు ఎక్కడ కనిపించినా ఫోటో తీసి రాత్రి నోటుబుక్కులో అచ్చు అలాగే దించుకుంటాను. ఒక్కొక్కరి రాత ఒక్కోలా ఉంటుంది, అచ్చు పుస్తకంలాగా ఉండదు. అలా దించితేనే అలవాటవుతుంది. ఆ శుక్రవారం రాత్రి ఫోటో పెద్దది చేసి దించటం మొదలుపెట్టాను. ప. గ. గ కింద చిన్న తోక. రాసినవాడి చెయ్యి జారిందేమో అనుకున్నాను. తర్వాత లు రాశాను. లు పక్కన కూడా అదే తోక. రెండూ ఒకటే. ఒకటి కొమ్మయితే రెండోది కూడా కొమ్మే.

పగలు కాదు. పగులు.

ఆ మాట నాకు తెలుసు. చలికాలం అమ్మ కాళ్ళకి వచ్చేవి పగుళ్ళు. పగులు అంటే దాని ఏకవచనం అని నెమ్మదిగా తట్టింది. అయినా నమ్మాలనిపించలేదు. మరిదికి వాట్సాప్‌లో ఫోటో పెట్టాను. అక్కడ అర్ధరాత్రి. ఇక్కడ నాకు నిద్ర లేదు. నూట యాభై మంది ముందు చదివి చెప్పాను కదా. ఆ కవరు, పేర్లు లేని కవరు, అదే కళ్ళ ముందు.

పొద్దున ఆరింటికి ఫోన్ వచ్చింది.

"ఏంది వదినా, రాయి కొన్నారా?"

"కొన్నాం. అది పగలేనా?"

"పగలు ఏంది వదినా! పగులు. బాణం చూడలేదా?"

"చూశాను. పైకి పెట్టమని అనుకున్నా."

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "రాయి నెర్రె ఇచ్చిన చోట గీత పెట్టి రాస్తారు, తర్వాత పట్టుకునేవాడు చూసుకోవాలని. కోయనీబాకండి వదినా. కోస్తే మీదే అవుతుంది."

"మరి అది ఇంతదూరం ఎలా వచ్చింది?"

"రాసినోడు రాశాడు. ఎక్కించినోడు చదవలా."

ఏడింటికే సనయ్యాలో ఉన్నాం. యార్డు తెరుస్తున్నారు. కుర్రాడితో చెబితే, "అలా ఏమీ ఉండదు మేడమ్, స్టిక్కర్ మీద ప్రీమియం అని ఉంది చూడండి" అన్నాడు. అప్పుడు లోపలి నుంచి ఫోర్‌మన్ వచ్చాడు. రాజస్థాన్ పెద్దాయన, నా వయసే ఉంటుంది. నేను హిందీలో చెప్పాను. ఆయన వాదించలేదు. ఒక బకెట్టు నీళ్ళు తెప్పించి పలక మీద పోశాడు. తుడిచి, "ఆగండి మాతాజీ" అన్నాడు. రాయి ఆరుతూ వచ్చింది. ఒక్కచోట మాత్రం జానెడు పొడుగున వెంట్రుకంత గీత తడిగా ఉండిపోయింది. లోపలికి దిగిన నీళ్ళు బయటికి రావటానికి టైము పడుతుంది కదా. బాణం చూపించేది సరిగ్గా అక్కడికే.

ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, ఈ పలకే తీసుకుంటే ధర తగ్గిస్తాడు. సింక్ కోసం రాయి మధ్యలో ఎలాగూ కోసి తీసేస్తారు, పగులు మొత్తం ఆ ముక్కలో పోయేలా గీసి కోస్తాడు. రెండోది, వేరే పలక, అదే ధర. మా కమిటీ కుర్రాడు మొదటిదే నయమన్నాడు. డబ్బు మిగులుతుంది, ఆ డబ్బుతో కొత్త కుక్కర్ వస్తుంది. నేను కూడా ఊగాను. కానీ పగులు కంటికి కనిపించేంత వరకేనా, లోపల ఇంకా ఉందా అని ఎవరు చెప్పగలరు? దాని మీద రెండు పెద్ద గుండిగలు ఉడకాలి. పక్కన నిలబడేది ఆ రోజు కొంగు అడ్డం పెట్టిన అమ్మాయి. వేరే పలకే అన్నాను.

వెంటనే కుర్రాడు పక్క పలక లాగబోయాడు. ఫోర్‌మన్ ఆపాడు. "ఇవన్నీ ఒకే రాయిలోంచి వరసగా కోసినవి, బ్రెడ్డు ముక్కల్లాగా. ఒకదానిలో పగులు ఉంటే పక్కదానిలో కూడా ఉంటుంది" అన్నాడు. నేను అడగలేదు. నాకు ఆ సంగతి తెలియదు కూడా. ఆయనే రెండో పలక మీద నీళ్ళు పోసి చూపించాడు. అదే చోట గీత, కొంచెం చిన్నది. మూడోదానిలో వేలెడు. నాలుగోదానిలో అనుమానం. ఐదో పలక పూర్తిగా ఒకేసారి ఆరింది. దాన్ని నాణెంతో అక్కడక్కడా తట్టాడు. అన్నిచోట్లా గంట కొట్టినట్టు ఒకే మోత. "ఇది తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాం.

నీళ్ళు పోస్తూ కోశారు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను స్టూలు మీద కూర్చున్నాను. ఫోర్‌మన్ టీ తెప్పించాడు. "ఈ రాత చాలా పలకల మీద వస్తుంది మాతాజీ. మీ దేశం వైపు భాష అని తెలుసు. ఏం రాశారో ఎవరినీ అడగలేదు" అన్నాడు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. ఆ మాట అందులో రాసివ్వమన్నాడు, ఈసారి పలకలు దించినప్పుడు పోల్చి చూసుకుంటాడట.

రాశాను. పగులు. గ కొమ్ము మామూలు కంటే పెద్దగా వేశాను. పక్కన హిందీలో దాని అర్థం. ఎవరికైనా నేను తెలుగు అక్షరాలు రాసివ్వటం అదే మొదటిసారి.

తర్వాతి శుక్రవారం అందరి ముందూ మళ్ళీ నిలబడి, నేను చదివింది తప్పని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు, నవ్వారు. ముందు వారం అడిగిన డ్రైవరే, "పోన్లేమ్మా, కోయకముందు చదివారుగా" అన్నాడు. ఆ రోజు కొత్త గట్టు మీద పులిహోర కలిపాం. నిమ్మరసం పడింది, పసుపు పడింది. తుడిచేశాం.

ఎక్కడ కొనాలని నన్ను ఎవరైనా అడిగితే ఇప్పుడు ఒకటే చెప్తాను. ధర చూడండి, గుడ్డతో రుద్దండి, నీళ్ళు పోయమనండి. కానీ మీరు అడగకుండానే రెండో పలకలో పగులు చూపించే మనిషి దొరికితే ఇంకో దుకాణానికి వెళ్ళకండి.

ఈసారి నేర్చుకున్న మాటలు:

పగలు: రాత్రి కానిది. పగ అంటే కక్ష, దానికి బహువచనం కూడా పగలే. రెండింటికీ గ కింద కొమ్ము లేదు.

పగులు: రాయి, గాజు, కాలి మడమ, వీటిలో వచ్చేది. బహువచనం పగుళ్ళు. "పగిలింది" దీని చుట్టమే.

నెర్రె: మా మరిది మాట. నెర్రె ఇచ్చింది అంటారు. గోడకి కూడా వాడతారు.

బీట: నీళ్ళు లేక ఎండిన నేలకి వచ్చేది. బీటలు వారింది అంటారు. రాయికి ఈ మాట అనరని మా ఆయన అంటున్నారు. మీ ఊళ్ళో అంటారా?

కొమ్ము: అక్షరానికి ఉకారం కోసం పెట్టే గుర్తు. ఆవుకి ఉండేది కూడా కొమ్మే. చిన్నదని వదిలేయకండి.

ఎప్పటిలాగే, నా తెలుగులో తప్పులుంటే చెప్పండి. ఎలాగూ నోటుబుక్కులో దించుకుంటాను.